పగలు లెక్కలు, రాత్రి ఆటలు: డెల్టా ఇంట్లో ఒకే కంప్యూటర్‌కు విడిభాగాల ఎంపిక

అమలాపురంలోనో భీమవరంలోనో కంప్యూటర్ దుకాణానికి వెళ్లి అసెంబుల్డ్ సిస్టమ్‌కు కొటేషన్ అడిగితే, చేతికిచ్చే కాగితంలో మొదటి వరుసలో ప్రాసెసర్, దాని కింద మదర్‌బోర్డు, ర్యామ్, డేటా నిల్వ చేసే ఎస్‌ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు ఉంటాయి. గోడ కరెంటును లోపలి భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్, వీటన్నిటినీ బిగించే క్యాబినెట్ అట్టడుగున ఉంటాయి. చాలాసార్లు కంపెనీ పేరు కూడా లేకుండా ‘450 వాట్స్’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. కరెంటు పోతే బ్యాటరీతో ఆదుకునే యూపీఎస్ ఆ కాగితం మీదకే రాదు. బేరం కూడా ఆ వరుసలోనే నడుస్తుంది. అనుకున్న సొమ్ము దాటితే కోత మొదట పడేది అడుగు వరుసల మీదే. గోదావరి డెల్టాలో ఒకే యంత్రాన్ని పగలు వ్యాపార లెక్కలకు, రాత్రి ఆటలకు వాడుకోదలచిన ఇంటివారు ఆ కాగితాన్ని కింది నుంచి పైకి చదవడం మంచిది. ఎంపిక గోడకున్న ప్లగ్గు దగ్గర మొదలై ప్రాసెసర్ దగ్గర ముగియాలి.

ఇలాంటి ఉమ్మడి యంత్రం అవసరమయ్యే ఇళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం, మండపేటలో రైస్ మిల్లు, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల చెరువులు, కడియంలో నర్సరీ, వీటిలో దేనికైనా లెక్కలు రాసే ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ రిటర్నులు తప్పవు. అదే ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలో, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులో ఉంటారు. పొద్దు గూకాక వాలరెంట్‌కో కౌంటర్ స్ట్రైక్‌కో అదే కుర్చీ కావాలి. రెండు పనుల అవసరాలు చాలావరకు ఒకటే కావడం, ఒక్క చోట మాత్రం పూర్తిగా వేరు కావడం ఈ ఎంపికను సులువు చేస్తుంది. ఆటకు ప్రత్యేకంగా కావలసింది గ్రాఫిక్స్ కార్డు, దాన్ని మోయగల ఎస్‌ఎంపీఎస్. మిగిలిన ప్రతి భాగాన్నీ ఆఫీసు పనే నిర్ణయించాలి. ఆటలో ఫ్రేములు తగ్గితే చికాకు కలుగుతుంది, అంతే. నెలనెలా 20వ తేదీకి జీఎస్టీఆర్-3బి రిటర్ను వేయాల్సిన యంత్రం 19న మొరాయిస్తే ఆలస్య రుసుము, వడ్డీ మీద పడతాయి.

ముందు కరెంటు సంగతి. మన దేశంలో ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్ అన్నది కాగితం మీది లెక్క. చెరువుల ప్రాంతాల్లో వాస్తవం వేరుగా ఉంటుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అత్యల్పానికి పడిపోతుంది కనుక రొయ్యల రైతులు నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను రాత్రంతా తిప్పుతారు. ఇండక్షన్ మోటారు ఆడుతున్నప్పుడు లాగే కరెంటు కన్నా మొదలయ్యే క్షణంలో లాగేది అయిదారు రెట్లు ఎక్కువ. అలాంటి మోటార్లున్న ఫీడరు (కరెంటు లైను) మీదే ఇల్లు కూడా ఉంటే, సరిగ్గా ఆటాడుకునే వేళకు బల్బు ఒక్కసారి కునికి మళ్లీ వెలగడం అక్కడివారికి అలవాటైన సంగతే.

లో వోల్టేజి కంప్యూటర్‌ను కాల్చేస్తుందనే భయంతో చాలామంది ముందు స్టెబిలైజర్ కొంటారు. మంచి ఎస్‌ఎంపీఎస్ విషయంలో ఆ భయం అక్కర లేదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (లాగే కరెంటును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా దేన్నైనా తీసుకుంటుంది. వోల్టేజి తగ్గితే ఆ మేరకు ఎక్కువ కరెంటు లాగి లోపలికి ఇవ్వవలసిన వాట్లను ఇస్తూనే ఉంటుంది. 300 వాట్ల లోడుకు 230 వోల్టుల వద్ద 1.3 ఆంపియర్లు చాలితే, 170 వోల్టుల వద్ద సుమారు 1.8 ఆంపియర్లు కావాలి. ఆ తేడాను తీగలు, ప్లగ్గు భరించగలిగితే చాలు. అసలు చిక్కు ఎంత తగ్గిందన్నది కాదు, ఎంతసేపు పూర్తిగా పోయిందన్నది. ఇంటెల్ ప్రచురించే డిజైన్ మార్గదర్శకం ప్రకారం ఎస్‌ఎంపీఎస్ భారీ లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు కరెంటు లేకున్నా నెట్టుకురావాలి. 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక ఆవృత్తి 20 మిల్లీసెకన్లు; అంటే ఒక ఆవృత్తి పూర్తిగా పోయినా యంత్రం ఆగిపోవచ్చు. రిలేలు టకటకా మారే చౌక స్టెబిలైజర్ ఒక్కోసారి ఈ ఖాళీని తానే సృష్టిస్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, విడిగా యూపీఎస్ ఎందుకు అనే ప్రశ్న ఇక్కడే వస్తుంది. చాలా ఇన్వర్టర్ల వెనుక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. దాన్ని యూపీఎస్ వైపు పెడితే కరెంటు నుంచి బ్యాటరీకి సుమారు 10, 15 మిల్లీసెకన్లలో మారుతుంది, మామూలు వైపు పెడితే 30, 40 మిల్లీసెకన్లు పట్టవచ్చు. రెండో స్థితిలో ఫ్యాన్లకు, లైట్లకు ఏమీ తెలియదు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. అలాగని యూపీఎస్ వైపు పెట్టినంత మాత్రాన ఇబ్బంది తీరదు. ఆ స్థితిలో ఇన్వర్టర్ ఒప్పుకునే వోల్టేజి పరిధి ఇరుకు. సాధారణంగా 180 వోల్టుల కన్నా తగ్గగానే కరెంటు ఉండగానే బ్యాటరీ మీదికి దూకుతుంది. రాత్రి వోల్టేజి 175, 185 మధ్య ఊగే ఊళ్లో బ్యాటరీ గంటకు ఎన్నోసార్లు ఎక్కి దిగుతూ, నిజంగా కరెంటు పోయేసరికి ఖాళీగా మిగులుతుంది. పైగా ఆటలో ఉన్న యంత్రం లాగే మూడు వందల పైచిలుకు వాట్లు ఇంట్లోని ఫ్యాన్లతో కలిస్తే చిన్న ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని అరుస్తుంది. ఈ కారణాలన్నిటివల్లా లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఒకటి విడిగా ఉండడమే మేలు. అది కొద్దిపాటి వోల్టేజి సర్దుబాటును బ్యాటరీ జోలికి పోకుండా తనలోనే చేసుకోగలదు.

యూపీఎస్ పరిమాణంలో ఒక పొరపాటు అంతటా కనిపిస్తుంది. 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు) అని రాసి ఉన్న పెట్టె చాలావరకు ఇవ్వగలిగేది 360 వాట్లు మాత్రమే. కోర్ ఐ5-12400 ప్రాసెసర్ గరిష్ఠ వేగంలో (టర్బో) 117 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు 132 వాట్లు, బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు మరో 40, 50 వాట్లు వేసుకుంటే లోపలి ఖర్చే 300 వాట్లకు చేరుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా పోయేది, మానిటర్ తీసుకునేది కలిపితే గోడ దగ్గర 360 దాటడం ఖాయం. రెండూ ఒకేసారి శిఖరానికి చేరడం అరుదే అయినా, కరెంటు పోయే క్షణం మన వీలు చూసుకుని రాదు. అందువల్ల 1000 లేదా 1100 వీఏ యూపీఎస్ తీసుకోవాలి. పగలు ట్యాలీ, బ్రౌజర్ మాత్రమే నడిచే యంత్రం మానిటర్‌తో కలిపి వంద వాట్ల లోపే తీసుకుంటుంది కనుక అదే యూపీఎస్ ఎంట్రీలు ముగించి సిస్టమ్ షట్‌డౌన్ చేసుకోవడానికి బోలెడు వ్యవధి ఇస్తుంది. రాత్రి ఆటలో దాని పని కొద్ది నిమిషాలు కాపలా కాయడమే. అంతకు మించి ఆశించకూడదు. యూపీఎస్‌లోని లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికి దాదాపు సగం తగ్గుతుంది కనుక దాన్ని క్యాబినెట్ వేడిగాలి తగిలే చోట పెట్టడం సొమ్ము పారేసుకోవడమే.

క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లకు జిల్లుమనడం ఈ ప్రాంతంలో తరచు వినిపించే మరో ఫిర్యాదు. దాన్ని కంప్యూటర్ లోపం అనుకుని దుకాణానికి మోసుకెళ్తుంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ రొదను వడగట్టే రెండు చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి ఇనుప పెట్టెకు కలిసి ఉంటాయి. ఎర్తింగ్ సవ్యంగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్తింగ్ లేకపోతే పెట్టె మీద సరఫరాలో సగం వోల్టేజి నిలుస్తుంది. కరెంటు చాలా స్వల్పం కనుక ప్రాణాపాయం లేకపోయినా, ఆ స్థితిలో మానిటర్ కేబులో పెన్‌డ్రైవో పెడితే పోర్టులు పాడయ్యే వీలుంటుంది. ఇసుక నేలలో, ఉప్పు గాలిలో ఎర్తు గుంత దగ్గరి కడ్డీ, తీగ కలిసే చోటు తుప్పు పట్టి ఊడిపోవడం మామూలే. కొత్త గ్రాఫిక్స్ కార్డుకు వేలు పోసేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య వోల్టేజి చూపించుకోవడం చవకైన పని. స్తంభం నుంచి రాగి కేబుల్ ద్వారా నేరుగా ఇంటర్నెట్ తెచ్చుకున్న ఇళ్లలో పిడుగుపాటు ఆ తీగ వెంటే మదర్‌బోర్డు ల్యాన్ పోర్టులోకి రాగలదు. ఫైబర్ తీగకు ఆ బాధ లేదు.

ఇక ఎస్‌ఎంపీఎస్. దాని పక్కన అంటించిన చీటీలో పెద్ద అక్షరాల వాట్లను వదిలి 12 వోల్టుల గడిని చూడాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 12 వోల్టుల నుంచే. మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చీటీలో 12 వోల్టుల కింద 45 ఆంపియర్ల దరిదాపుల్లో ఉంటుంది. 12తో గుణిస్తే దాదాపు పూర్తి 550 వాట్లు. ‘450’ అని రాసి, 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లు చూపే చీటీ అయితే అసలు బలం 192 వాట్లే. దుకాణంలో నిలబడి అర నిమిషంలో చేసుకోగల లెక్క ఇది. 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది గానీ నాణ్యతను పూర్తిగా చెప్పదు. ఎన్నేళ్ల వారంటీ ఇస్తున్నారన్నది, ఎంత ఉష్ణోగ్రత వద్ద ఆ వాట్లకు హామీ ఇస్తున్నారన్నది ఇంకా గట్టి సాక్ష్యాలు. మేలైనవి 40 లేదా 50 డిగ్రీల వద్ద పూర్తి బలాన్ని హామీ ఇస్తాయి, నాసిరకాలు 25 డిగ్రీల లెక్క చెబుతాయి. రోహిణి కార్తెలో క్యాబినెట్ లోపల 25 డిగ్రీలన్నవి ఎక్కడుంటాయి? మధ్యస్థాయి గ్రాఫిక్స్ కార్డుకు పేరున్న 550 వాట్లు సరిపోతాయి. రేపు పెద్ద కార్డు కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే 650కి వెళ్లడం, ఆ తేడాను ప్రాసెసర్‌లో ఒక మెట్టు తగ్గి తెచ్చుకోవడం తెలివైన పని.

వేడి విషయంలో డెల్టా అంతా ఒకటి కాదు. మే నెలలో రాజమహేంద్రవరం 44, 45 డిగ్రీలు చూస్తుంది. అంతర్వేది వైపు పాదరసం అంత ఎక్కకపోయినా ఉక్క ప్రాణం తీస్తుంది. మనిషికి రెండోదే కష్టంగా తోస్తుంది, కారణం చెమట ఆరకపోవడం. ప్రాసెసర్‌కు చెమట లేదు. దాని కూలర్ గాలి ఉష్ణోగ్రతను బట్టే పనిచేస్తుంది. కనుక యంత్రం వేడెక్కడంలో రాజమహేంద్రవరం కఠినం, తుప్పులో సముద్ర తీరం కఠినం. అంతర్జాతీయ సమీక్షల్లో చూపే ఉష్ణోగ్రతలు 21 నుంచి 25 డిగ్రీల గదిలో కొలిచినవి. అక్కడ 75 చూపిన ప్రాసెసర్ 38 డిగ్రీల గదిలో 90కి చేరువవుతుంది, ఎందుకంటే చిప్పు వేడి ఎప్పుడూ గది వేడి మీద ఎక్కి కూర్చుంటుంది. అందువల్ల ఏసీ లేని గదికి 65 వాట్ల తరగతి ప్రాసెసర్, ముందు భాగంలో జల్లెడలాంటి మెష్ ఉన్న క్యాబినెట్, ముందు రెండు, వెనుక ఒకటి ఫ్యాన్లు అన్నది భద్రమైన కూర్పు. ముందంతా గాజు పలక బిగించి లోపల రంగుల దీపాలు పెట్టిన క్యాబినెట్లు చూడముచ్చటగా ఉంటాయి, గాలి మాత్రం ఆడదు. ద్రవ కూలర్‌కు పెట్టే సొమ్ముకు ఈ స్థాయి యంత్రంలో న్యాయం జరగదు.

తీరానికి దగ్గరి ఇళ్లలో యంత్రాన్ని వారాల తరబడి ఆపి ఉంచడమే ఎక్కువ చేటు. రోజూ కాసేపు నడిచే సిస్టమ్ తన వేడితోనే చెమ్మను వదిలించుకుంటుంది. వానకాలం సెలవుల తరువాత ఆన్ చేస్తే తెర రాకపోవడం, మెకానిక్ వచ్చి ర్యామ్ తీసి దాని అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టగానే ప్రాణం రావడం ఈ ప్రాంతపు మరమ్మతుల్లో నిత్యకృత్యం. వాడని స్లాట్ల దగ్గర క్యాబినెట్ వెనుక రేకులు ఊడదీసి వదిలేస్తే చీమలు, బల్లులు లోపల కాపురం పెడతాయి. రైస్ మిల్లు ఆఫీసులో తవుడు దుమ్ము సమస్య వేరు; అక్కడ కడిగి పెట్టుకోగల ఫిల్టర్లున్న క్యాబినెట్ కావాలి, దాన్ని నేల మీద కాకుండా బల్ల మీద ఉంచాలి. లంక గ్రామాల్లో ఎత్తున పెట్టడానికి మరో కారణం ఎలాగూ ఉంది: ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు వస్తుంది, 2022 జులైలో నీరు దాన్ని దాటి చాలా దూరం పోయింది.

ప్రాసెసర్ దగ్గరికి ఇప్పుడు రావచ్చు. లెక్కలకు, మధ్యస్థాయి ఆటలకు కలిపి ఆరు కోర్లు చాలు. ఇక్కడ తేల్చుకోవలసిన అసలు సంగతి కోర్ల సంఖ్య కాదు, పేరు చివరి అక్షరం. ఇంటెల్‌లో ‘ఎఫ్’ అని ముగిసే ప్రాసెసర్లలో, ఏఎండీ రైజెన్ 5 5600 వంటి వాటిలో లోపలి గ్రాఫిక్స్ ఉండవు, ధర కొంచెం తక్కువ. ఆటకే వాడే యంత్రానికి ఆ ఆదా సమంజసమే. కానీ గ్రాఫిక్స్ కార్డు పాడై వారంటీ కోసం విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్లిన రోజు నుంచి అది తిరిగి వచ్చేదాకా అలాంటి యంత్రంలో తెర వెలగదు, ఆఫీసు పని నిలిచిపోతుంది. కోర్ ఐ5-12400లో, రైజెన్ 5 7600లో సాదా గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. కార్డు తీసి పక్కన పెట్టి మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు గుచ్చితే ట్యాలీ యథావిధిగా నడుస్తుంది. ఉమ్మడి యంత్రానికి ‘ఎఫ్’ రకం కొనకపోవడమే మంచిది. రైజెన్ 5 5600జీ కూడా ఈ కోవలోదే అయినా దానిలో క్యాష్ (చిప్పులోని వేగవంతమైన మెమరీ) 5600లో సగమే, గ్రాఫిక్స్ కార్డును కలిపే పీసీఐఈ దారి మూడో తరంది. విడి కార్డుతో ఆటల్లో కొంత వెనుకబడుతుంది. రైజెన్ 5 7600 కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, దాన్ని 2027 దాకా, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగేళ్ల తరువాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటి మార్చుకునే వీలు దానిలో ఉంది. ఇంటెల్ 12వ తరం బోర్డుకు ఆ భవిష్యత్తు లేదు, కానీ డీడీఆర్4 ర్యామ్ వాడుకునే సౌలభ్యం ఉంది. ఇంటెల్ 13, 14వ తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా మారిన ఉదంతం, దానికి 2024 ఆగస్టులో ఇచ్చిన మైక్రోకోడ్ (చిప్పు లోపలి ఆదేశాల) సవరణ తెలిసిందే. వాటిని కొన్నవారు ఆ సవరణను అందించే బయాస్‌ను (మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) తప్పక అప్‌డేట్ చేసుకోవాలి.

పాత ఐ5 నాలుగో తరం ప్రాసెసర్‌ను పేరులేని బోర్డు మీద కూర్చి, రంగు దీపాల క్యాబినెట్‌లో పెట్టి ‘గేమింగ్ పీసీ’ అని చౌకగా అమ్ముతుంటారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఏఎండీలో రైజెన్ 2000 తరగతి లేదా ఆపైన కావాలి. బ్యాంకు లావాదేవీలు, డిజిటల్ సంతకం నడిచే యంత్రాన్ని భద్రతా సవరణలు రాని విండోస్ మీద ఉంచడం ఎంత చౌకగా వచ్చినా చేయదగిన పని కాదు. వాలరెంట్ సైతం విండోస్ 11 మీద టీపీఎం, సెక్యూర్ బూట్ ఉంటేనే తెరుచుకుంటుంది.

మదర్‌బోర్డులో ఆటగాళ్లు చూసేవి వేరు, ఆఫీసు చూడవలసినవి వేరు. లారీలను తూచే వేబ్రిడ్జి ఉన్న మిల్లుల్లో తూకం చూపే పెట్టె ఇప్పటికీ తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ద్వారానే కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. కొత్త బోర్డుల్లో చాలావాటి వెనుక ఆ పోర్టు ఉండదు గానీ, కొన్ని బోర్డుల మీద దానికి పిన్నుల వరుస ఉంటుంది. దానికొక చిన్న బ్రాకెట్ కొని తగిలిస్తే సరిపోతుంది. బోర్డు పుస్తకంలో ‘కామ్’ అన్న హెడర్ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే తీగ మరో దారి, కానీ పాత ప్రొలిఫిక్ చిప్పులున్న తీగలు, వాటి నకళ్లు విండోస్ 11లో డ్రైవర్ దగ్గరే ఆగిపోతాయి. డాస్ కాలపు లెక్కల ప్యాకేజీని ఇంకా నమ్ముకున్న దుకాణాలకు మరో హెచ్చరిక: విండోస్ 11 కేవలం 64 బిట్ల వ్యవస్థ, 16 బిట్ల ప్రోగ్రాములు దానిలో నేరుగా నడవవు. పాత ప్రింటర్, పాత డాంగిల్, పాత ప్యాకేజీ వీటన్నిటి జాబితా రాసుకుని వెళ్లాకే బోర్డు తేల్చాలి.

ర్యామ్ గురించి రెండు మాటలు చాలు, అయితే ఆ రెండూ ఇప్పుడు ఖరీదైన మాటలే. 2025 చివరి నుంచి కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమరీ ధరలు విపరీతంగా పెరిగాయి, ఆ దెబ్బ డీడీఆర్4 మీద కూడా పడింది. 16 జీబీ కనీసం, 32 జీబీ హాయి. ఒకే 16 జీబీ స్టిక్ కన్నా రెండు 8 జీబీ స్టిక్‌లు ఆటల్లో మెరుగు, కారణం ప్రాసెసర్‌కు వెళ్లే రెండు మెమరీ ఛానెళ్లూ పనిచేయడం. కానీ నాలుగు స్లాట్లు లేని చౌక బోర్డులో రెండు చిన్నవి పెడితే పెంచుకోవడానికి చోటు మిగలదు. తరువాత ఇంకొకటి కొని జత చేద్దామనుకునేవారు అదే మోడల్ దొరక్కపోవచ్చన్నది గుర్తుంచుకోవాలి. బిగించాక బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ర్యామ్ వేగపు అమరికను ఆన్ చేయకపోతే 6000 వేగం అని కొన్న డీడీఆర్5 అంతకన్నా తక్కువ వేగంతోనే నడుస్తుంది.

ట్యాలీ వేగానికి ప్రాసెసర్ కోర్లకన్నా ఎస్‌ఎస్‌డీ ముఖ్యం. పాత సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకు సుమారు 550 ఎంబీ ఇస్తే, బోర్డు మీదే గుచ్చే నాలుగో తరం ఎన్‌వీఎంఈ రకం 7000 దాకా ఇస్తుంది. అయితే ఈ రెంటి మధ్య తేడా రోజువారీ లెక్కల్లో పెద్దగా కనబడదు, పాత హార్డ్ డిస్క్ నుంచి దేనికి మారినా కనబడేది మాత్రం కొండంత. 500 జీబీ లేదా 1 టీబీ టీఎల్‌సీ రకం ఎన్‌వీఎంఈ, పేరున్న కంపెనీది, చాలు. కరెంటు అకస్మాత్తుగా పోయినప్పుడు తెరిచి ఉన్న ట్యాలీ కంపెనీ డేటా దెబ్బతినడం, అకౌంటెంట్ రీరైట్ చేస్తూ కూర్చోవడం ఈ రంగంలోని వారందరూ ఎరిగిందే. ముందు చెప్పిన యూపీఎస్ అసలు ప్రయోజనం ఇక్కడే. ఆటలకు, లెక్కలకు విండోస్‌లో వేర్వేరు యూజర్ ఖాతాలు పెట్టి, ఆట వైపు ఖాతాకు అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇవ్వకుండా ఉంచితే, క్రాక్ చేసిన ఆట వెంట వచ్చే వైరస్ లెక్కల దాకా పాకే అవకాశం తగ్గుతుంది. వారానికోసారి బయటి హార్డ్ డిస్క్‌లోకి తీసిన కాపీ ఆ డిస్క్‌తో సహా వేరే ఇంట్లో ఉండాలి.

గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పూర్తిగా ఆటగాడి ఇష్టం, దానికీ మానిటరే హద్దు. 1080పీ (1920×1080 చుక్కల) తెర మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ వంటివి కార్డుకన్నా ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. ఆర్‌ఎక్స్ 6600 తరగతి కార్డు వాటికి ధారాళంగా సరిపోతుంది. వేడికి, కరెంటుకు భయపడేవారికి 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 మంచి ఉదాహరణ. విడి పవర్ తీగే అక్కరలేని 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం పాత ఆఫీసు యంత్రాలకు పనికొస్తుంది, కానీ అదే పేరుతో ఉన్న 8 జీబీ 3050కన్నా అది స్పష్టంగా బలహీనం. కొటేషన్‌లో ఊరికే ‘3050’ అని రాస్తే ఏది ఇస్తున్నారో అడగాలి. కొత్త పెద్ద ఆటలను 1440పీలో (2560×1440 చుక్కలు) ఆడాలంటే కార్డులో 8 జీబీ మెమరీ ఇరుకవుతోంది. అలాంటి కోరిక ఉన్నవారు ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ వంటివి చూడవచ్చు. క్రిప్టో నాణేల తవ్వకాల్లో (మైనింగ్) రాత్రింబవళ్లు కాలిన పాత కార్డులు చౌకగా దొరుకుతాయి; వారంటీ లేని అలాంటి కార్డు ఎసరు పెట్టేది ఆట ఒక్కదానికే, ఆఫీసుకు కాదు కనుక తెలిసి తీసుకుంటే అది ఆటగాడి సాహసం.

మానిటర్‌ను రెండు పనులూ సమానంగా పంచుకుంటాయి. 24 అంగుళాల 1080పీ తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలు, 27 అంగుళాల 1440పీలో సుమారు 109. ఎనిమిది గంటలు ఎక్సెల్ గడులు చూసే కంటికి ఈ తేడా తెలుస్తుంది. చిన్న సైజులో వత్తులు, గుణింతాలు కిక్కిరిసిన తెలుగు వచనం చదివేవారికి మరింత తెలుస్తుంది. అయితే 1440పీ తెర కొంటే ఆటకు కార్డు కూడా ఒక మెట్టు ఎక్కాలి. ఐపీఎస్ ప్యానెల్, 144 హెర్ట్జ్ లేదా ఆపైన, ఎత్తు సర్దుకునే స్టాండు, ఇవి చూసుకుంటే చాలు. కొన్న తరువాత కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు గుచ్చి, కార్డు పనిచేయడం లేదని దుకాణంతో తగవు పడేవారూ ఉన్నారు.

ఎక్కడ కొనాలన్నది చివరి లెక్క. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో ఆన్‌లైన్‌లోనో ధర తక్కువ కావచ్చు. రాజమహేంద్రవరం, కాకినాడ దుకాణదారు వారంటీ భాగాన్ని తనే పట్టుకెళ్లి తెచ్చిపెడితే ఆ తేడా ఊరికే పోలేదన్నమాటే. ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు స్థానికంగా, ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఎక్కడ చౌకైతే అక్కడ అన్నది మధ్యేమార్గం, ఎందుకంటే ప్రాసెసర్ పాడవడం చాలా అరుదు. ‘ట్రే’ ప్రాసెసర్ అంటే పెట్టె లేకుండా వచ్చేది. దానికి కంపెనీ మూడేళ్ల వారంటీ కాకుండా అమ్మినవాడి మాటే ఆధారం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు బిల్లు వ్యాపారం పేరిట, జీఎస్టీ నంబరుతో తీసుకుంటే 18 శాతం పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, ఆదాయపు పన్నులో కంప్యూటర్ల తరుగుదల 40 శాతం. అయితే చట్టం ప్రకారం క్రెడిట్ వ్యాపార వినియోగం మేరకే. సగం కాలం ఆటలాడే యంత్రం మీద మొత్తం క్రెడిట్ తీసుకోవచ్చా అన్నది ఆడిటర్‌తో ముందే తేల్చుకోవలసిన సంగతి.

బిల్లు మీద ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబరు రాయించుకోవాలి; సీరియల్ లేని బిల్లుతో వారంటీకి వెళితే వాదనే మిగులుతుంది. అప్పగించే రోజు దుకాణంలోనే క్యాబినెట్ పక్క తలుపు మూసి, ప్రాసెసర్‌ను, గ్రాఫిక్స్ కార్డును ఒకేసారి అరగంట పూర్తి లోడులో నడిపి ఉష్ణోగ్రతలు చూడాలి. దుకాణంలో ఏసీ ఉంటే, అక్కడ కనిపించిన అంకెకు ఇంటి గది ఎంత వేడో అంత తేడా కలుపుకోవాలి. తరువాత లోడు మీద ఉండగానే యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకాలి. యంత్రం ఆగకుండా నడిస్తేనే సొమ్ము చెల్లించాలి. వేబ్రిడ్జి ఉన్నవారు తూకం పెట్టె తీగను వెంట తీసుకెళ్లి, కామ్ పోర్టు డివైస్ మేనేజర్‌లో కనబడేదాకా అక్కడి నుంచి కదలకూడదు.